రెట్టింపు స్పీడులో ఒక చైనా సినిమా

ఫిబ్రవరి 8, 2021, సోమవారం

చిరాకు వచ్చినప్పుడల్లా కాగితం మీద పెట్టమంది మా GP డాక్టరమ్మ. ఫోన్‌లోనే చూసింది, ఫోన్‌లోనే తేల్చేసింది. మందులేమీ అక్కర్లేదట. "రైట్ ఇట్ డౌన్ రఘువీర్, యు విల్ బి గ్రాండ్" అంది. ఈ ఐర్లండ్‌లో కాలు విరిగినా గ్రాండే, పెళ్ళాం ఊళ్ళో లేకపోయినా గ్రాండే. సరే, రాస్తున్నా.

ఇవాళ్టి చిరాకు మా ఆవిడ ప్రభ. దేశం అటు చివర కాజిల్‌బార్‌లో ఆసుపత్రి ల్యాబ్‌లో ఆర్నెల్ల ఉద్యోగమని అక్టోబరులో వెళ్ళింది. కోవిడ్ శాంపిళ్ళు గుట్టలుగా పడుతున్నాయి, మనుషులు కావాలన్నారు. సరే వెళ్ళిరా అన్నాను. ఆర్నెల్లు అవుతాయి, వచ్చేస్తుంది, సిటీవెస్ట్‌లో ఈ ఫ్లాట్ లీజు మే నెలలో ఇంకో ఏడాదికి రాసేస్తాం అన్నది నా ఆలోచన. ఇవాళ సాయంత్రం ఫోన్ చేసి, "పర్మనెంట్ చేస్తామంటున్నారండీ. మే మొదటివారం లోపల ఏదో ఒకటి చెప్పాలి" అంది.

"చెప్పడానికేముంది, కుదరదని చెప్పెయ్" అన్నాను.

"ఒక సినిమా లింకు పంపుతాను. చూడండి. చూశాక మాట్లాడుకుందాం" అంది.

ఉద్యోగానికీ సినిమాకీ ఏమిటి సంబంధం? అడిగితే "చూడండి" అంటుంది తప్ప చెప్పదు. అదీ చైనా సినిమా అట. ఆ ఊళ్ళో ఫిల్మ్ క్లబ్బొకటి ఉండేదట, లాక్‌డౌన్ దెబ్బకి అది జూమ్‌లోకి ఎక్కింది. ల్యాబ్‌లో ఈవిడతో పనిచేసే నోరీన్ దాన్ని నడుపుతుంది, ఈవిడని చేర్పించింది. హాల్లో టైటిల్స్ పడుతుండగానే ఇంటర్వెల్‌లో ఏం తిందాం అని అడిగే మనిషి, ఇప్పుడు నాకు చైనా సినిమాలు చూపిస్తుంది.

ఫిబ్రవరి 10

మొదలుపెట్టాను. నది. నది మీద పొగమంచు. అవతల నుంచి ఒక పడవ వస్తోంది. పాట లేదు, మాట లేదు. వస్తోంది.

నేను లేచి వెళ్ళి టీ పెట్టుకున్నాను. తాగాను. కప్పు కడిగి, తుడిచి, అలమరలో పెట్టి వచ్చాను. పడవ ఇంకా రాలేదు.

ఆపేశాను.

ఫిబ్రవరి 12

ఆఫీసు నుంచి మెయిల్. మా అంతస్తు ఖాళీ చేసేస్తున్నారట. ఇక ఎప్పటికీ ఇంటి నుంచే పని, ఐర్లండ్‌లో ఎక్కడ కూర్చున్నా అభ్యంతరం లేదట. మంచిదే, లువాస్ ట్రాము ఎక్కే బాధ తప్పింది. డెస్కులో నా సామాను ఏదో రోజు వెళ్ళి తెచ్చుకోవాలి. ఒక స్వెటరూ, బోసిపోయిన మొక్కా.

ఫిబ్రవరి 17

ప్రభకి ఫోన్ చేశాను. తిన్నావా అంటే లేదంది. సరే రెస్ట్ తీసుకో అని పెట్టేశాను, అవతల మీటింగ్ మొదలైపోయింది.

ఎంత పనున్నా ఒక్క రోజు మానకుండా ఫోన్ చేస్తాను. ఆ సంగతి మాత్రం ఎవరూ కాదనలేరు.

ఫిబ్రవరి 21, ఆదివారం

బుచ్చిబాబుతో వాకింగ్. వాడూ నేనూ ఒకే టీము, పక్క బ్లాకులోనే ఉంటాడు. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదు కాబట్టి అదే చెరువు చుట్టూ, అవే బాతుల్ని చూస్తూ తిరిగాం. సినిమా గోడు చెప్పుకున్నాను.

"ఒరేయ్, నువ్వు టెస్టింగ్‌లో లీడువి. నీకు నేను చెప్పాలట్రా?" అన్నాడు. "రెట్టింపు స్పీడులో పెట్టు. కింద ఇంగ్లీషులో డైలాగులు పడతాయిగా, చదువుకుంటూ పో. మా ఆవిడ సీరియళ్ళన్నీ నేనట్టాగే చూశాను. కాపురం చల్లగా ఉంది."

ఇంత చిన్న విషయం నాకు తట్టలేదేమిటి!

ఫిబ్రవరి 27, శనివారం

అయింది. మొత్తం చూసేశాను. పక్కన ఇంకో స్క్రీన్ మీద టెస్ట్ రిపోర్టులు కూడా అయిపోయాయి.

కథ ఏమీ లేదు. నదికి ఇటు పాత ఊరు, అటు కొత్త ఊరు. ఇటు ఉన్న ఫ్లాస్కుల ఫ్యాక్టరీ మూసేస్తారు. దాని గేటు దగ్గర గంట కొట్టే ఆయన, ఎప్పుడూ టోపీ పెట్టుకునే ఉంటాడు. ఆయన భార్య అవతలి ఊళ్ళో నూడుల్స్ కొట్టు పెట్టుకుంటుంది. మధ్యలో వంతెన కడుతుంటారు. అంతే. దీనికి మూడు గంటల పైచిలుకు!

వెంటనే ప్రభకి ఫోన్ చేశాను. "చూశాను" అన్నాను, హోంవర్క్ చూపించే పిల్లాడిలాగా.

"నిజంగానా! ఎలా ఉంది?" గొంతులో సంతోషం తెలిసిపోయింది.

"బాగానే ఉంది. కాకపోతే ఆ మొగుడూ పెళ్ళాం ఎప్పుడు చూసినా పోట్లాటే. అలా అరుచుకుంటుంటే కాపురం ఎలా నిలబడుతుంది?"

"ఆ సినిమాలో ఎవరూ గొంతు పెంచరండీ" అంది. "మొదటి నుంచి చివరిదాకా, ఒక్కళ్ళు కూడా."

రెట్టింపు స్పీడులో మా పెద్దమ్మ మంగళహారతి పాడినా కుళాయి దగ్గర తగువులాగే వినిపిస్తుందని నాకప్పుడు తోచలేదు.

"ఎంత స్పీడులో చూశారు?"

"రెండు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఉంటానండీ, నోరీన్ వచ్చింది" అని పెట్టేసింది.

మార్చి 3

ఇంతకీ నేను చేసిన తప్పేమిటి? చూడమంటే చూశాను. స్పీడు గురించి ముందు చెప్పిందా?

అసలు మాట దాటేస్తోంది. లీజు సంగతి తేల్చమని ఏజెంటు నా ప్రాణం తీస్తున్నాడు. ప్రభ వస్తే రెండో గదిలో నా డెస్కు తీసేయాలి, తను రాకపోతే... రాకపోవడమేమిటి! వస్తుంది. ఇల్లు ఇక్కడుంటే ఎక్కడికి పోతుంది?

క్రిస్మస్‌కి లాక్‌డౌన్ సడలించి దారులు తెరిచినప్పుడే వచ్చేది, డ్యూటీ పడింది. నేనైనా వెళ్ళేవాణ్ణే, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. రెండ్రోజుల కోసం అంత దూరం ఎందుకులెండి అని తనే అంది.

మార్చి 6

ఈ దేశం వచ్చిన కొత్తలో ఎంత హాయిగా ఉండేది. ప్రభ వీసా మీద పని చేయకూడదని ఉండేది కాబట్టి ఇంట్లోనే ఉండేది. నేను వచ్చేసరికి వేడివేడిగా అన్నీ సిద్ధం. కిటికీ దగ్గర నిలబడి లువాస్ ఆగే చోటు వైపు చూస్తూ ఉండేది. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివిన దాన్ని ట్రాములు లెక్కపెట్టుకుంటున్నానండీ అని జోకులు కూడా వేసేది. రూలు మారి పని చేయొచ్చన్నాక మొదలైంది ఈ హడావుడంతా.

జోకే అనుకుంటా.

మార్చి 8

ఆ సినిమా గురించి ఈ గురువారం జూమ్‌లో చర్చట. నేనూ వస్తాను అన్నాను ప్రభతో. "మీరా?" అంది. అవును, నేనే. సినిమా తెలిసినవాణ్ణని నిరూపించుకుంటాను. నెట్‌లో దొరికిన వ్యాసాలన్నీ చదువుతున్నాను. సోషల్ ఛేంజ్, మెమరీ, డిస్‌ప్లేస్‌మెంట్, ఇలాంటివి నాలుగు మాటలు రాసి పెట్టుకున్నాను.

మార్చి 11, గురువారం

ఒళ్ళు మండిపోతోంది.

జూమ్‌లో ఓ డజను మంది. నోరీన్, మంచి మనిషే, అందరినీ పలకరించింది. పాడ్రిగ్ అని ఒక రిటైరైన టీచరు, ఒళ్ళో కుక్కతో. ప్రభ ఒక పెట్టెలో, నేను ఇంకో పెట్టెలో. తను బొట్టు పెట్టుకుని, కొత్త కళ్ళజోడుతో, వెనకాల పుస్తకాల అరతో ఎవరో లెక్చరర్‌లాగా ఉంది. కళ్ళజోడు ఎప్పుడు కొనుక్కుందో నాకు తెలియదు.

నోరీన్ మొదలుపెట్టింది. ఈ సినిమాలో ఎవరు ఎదురుపడినా మొదటిమాట "తిన్నావా?" అనే, గమనించారా, అంది. ఎంత ఆకలి చూసిన తరమో, కొత్త ఊరొచ్చి, అద్దాల మేడలొచ్చినా కడుపులో ఆ భయం పోలేదు చూడండి, అంది. అందరూ బాధగా తలలూపారు. పాడ్రిగ్ అయితే వాళ్ళ ముత్తాతల నాటి ఆలుగడ్డల కరువు దాకా వెళ్ళిపోయాడు. అద్భుతమైన ప్రతీక అన్నారు. ఇంకొకావిడ కళ్ళు తుడుచుకుంది.

ఎంతసేపని ఊరుకుంటాను? మ్యూట్ తీశాను. అది కరువూ కాదు, ప్రతీకా కాదు, ఉత్త పలకరింపండీ బాబూ, అని ఇంగ్లీషులో మొత్తుకున్నాను. మా తెలుగులోనూ అంతే. తిన్నారా, భోంచేశారా, టిఫినైందా అని ఎదురొచ్చినవాళ్ళందరినీ అడుగుతాం, అడిగి జవాబు వినకుండానే వెళ్ళిపోతాం. "ఇట్ మీన్స్ నథింగ్. ఐ ఆస్క్ మై వైఫ్ ఎవ్రీ డే" అన్నాను.

అందరూ ఓ అన్నారు. నోరీన్ "దట్స్ వెరీ ఇంటరెస్టింగ్, రఘువీర్" అంది. ఆ చర్చ మొత్తంలో పనికొచ్చిన ముక్క అదొక్కటే అని ఇప్పటికీ అంటాను.

ప్రభ పెట్టెలో వీడియో ఆగిపోయింది. పేరొక్కటే మిగిలింది. అక్కడ నెట్ అంతంతమాత్రం.

మార్చి 12

ప్రభ ఎత్తలేదు. డ్యూటీ అయ్యుంటుంది.

మార్చి 13

డ్యూటీయే.

మార్చి 15

మెసేజ్ వచ్చింది. "తిన్నాను. మీరూ తినండి." నేనింకా అడగనేలేదు.

దీనికి కోపం తెచ్చుకోవాలో వద్దో కూడా తెలియడం లేదు. కోపంగా ఉంటే చెప్పాలి. అరవాలి. నేనైతే అరుస్తాను, అయిపోతుంది, మర్చిపోతాను. ఈ మనిషి పదేళ్ళుగా ఇంతే. ఏదీ పైకి అనదు, ఓ రోజు చైనా సినిమా ఒకటి మొహాన కొడుతుంది.

మార్చి 21, ఆదివారం

బయట వాన. బుచ్చిబాబు రానన్నాడు. సినిమా పెట్టాను. మామూలు స్పీడులోనే. ఫోన్ పడగ్గదిలో పడేసి వచ్చాను. పడవ వచ్చేదాకా కదలకూడదని ఒట్టేసుకుని కూర్చున్నాను. వచ్చింది. చాలాసేపటికే అయినా వచ్చింది. అందులోంచి ఆ నూడుల్సావిడ దిగింది, చేతిలో ఖాళీ డబ్బా. మొదటిసారి ఆవిడ మొహం చూశాను. రెట్టింపు స్పీడులో ఆవిడకి మొహమే లేదు.

ఎవరూ గొంతు పెంచలేదు, నిజమే. ఫ్యాక్టరీ మూసేశారు. గేటుకి తాళం వేశారు. అయినా ఆ టోపీ ఆయన రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని వెళ్ళి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కొట్టడానికి గంట కూడా లేదు, ఊడబెరికి తీసుకుపోయారు. ఎందుకయ్యా కూర్చుంటావు? నాకు చెప్పలేనంత విసుగొచ్చింది. సాయంత్రం రేవుకి వెళ్ళి పెళ్ళాం కోసం నిలబడతాడు. ఆవిడ ఓ రోజు వస్తుంది, ఓ రోజు రాదు. వచ్చిన రోజు "తిన్నావా?" అంటాడు. "తిన్నా" అంటుంది. ఇద్దరూ మెట్లెక్కి పోతారు.

మధ్యలో ఒకసారి, బాగా చీకటి పడ్డాక దిగింది ఆవిడ. "తిన్నావా?" అన్నాడు. "లేదు" అంది. ఆయన "మంచిది" అని తలూపి, ముందు నడుస్తూ మెట్లెక్కి పోయాడు.

"ఒరేయ్! లేదందిరా!" అని గట్టిగా అరిచాను. ఇంట్లో ఒక్కణ్ణే. పైవాళ్ళకి వినిపించే ఉంటుంది.

సినిమా ఆపేశాను. చాలాసేపు పెట్టలేదు.

మళ్ళీ పెట్టాను. వంతెన పూర్తయింది. బాజాలు, రిబ్బన్లు, ఎర్ర జెండాలు. పడవ ఆపేశారు. ఆయన మాత్రం పడవ రాని రేవులో నిలబడి ఉన్నాడు. పక్కనే వంతెన! కాళ్ళున్నాయి, పని లేదు, ఇటు ఉండటానికి కారణమంటూ ఒక్కటి లేదు. నడిచి పోవచ్చు కదా మనిషీ! ఆవిడే రావాలా రోజూ? ఫ్యాక్టరీ లేదు, గంట లేదు, తాళం వేసిన గేటు ముందు ఒక కుర్చీ ఉంది, దానికోసమా?

చివర్లో వంతెన మొదట్లో నిలబడతాడు. ఒక అడుగు వేస్తాడు. సినిమా అయిపోయింది.

అయిపోయిందా! దాటాడా లేదా? మూడు గంటలు కూర్చోబెట్టి ఇదా చెప్పేది? ఉక్రోషం ఆపుకోలేక నోరీన్‌కి మెసేజ్ పెట్టాను, దాటాడో లేదో క్లబ్బులో ఎవరికైనా తెలుసా అని. "నోబడీ నోస్, రఘువీర్. వి ఆర్గ్యూడ్ అబౌట్ ఇట్ ఫర్ ఎ వీక్" అని జవాబిచ్చింది.

మార్చి 24

ఆఫీసుకి వెళ్ళి స్వెటరు తెచ్చుకున్నాను. మొక్క చచ్చిపోయింది. అంతస్తంతా ఖాళీ, కుర్చీలన్నీ ఒక మూలకి నెట్టేశారు. సెక్యూరిటీ ఆయన లైట్లు ఆర్పేస్తూ "దట్స్ ఇట్ సో" అన్నాడు.

నాకు ఇక్కడ ఏముందని ఉన్నాను? ఇవాళ ఇక రాయలేను.

ఏప్రిల్ 2

"చూశాను. మామూలు స్పీడులో" అని ప్రభకి మెసేజ్ పెట్టాను.

"మంచిది" అని వచ్చింది.

ఆ ఒక్క మాటనే రెండు మూడుసార్లు చదివాను. టోపీ ఆయన మాటే అది. కావాలనే పెట్టిందా? అడిగే మొహం లేదు.

ఏప్రిల్ 14

ఉగాది నిన్న అయిపోయింది. పచ్చడి చేసుకోలేదు. ప్రభ ఫోటో పంపింది, ల్యాబ్‌లో తోటివాళ్ళకి తను చేసిన పచ్చడి తినిపిస్తోంది. అందరూ మొహాలు చిట్లించి నవ్వుతున్నారు. తను కూడా. అలా పళ్ళన్నీ కనబడేలా నవ్వడం ఈ ఇంట్లో చూశానా? చూసే ఉంటాను.

ఏప్రిల్ 30

మే పదో తారీఖు నుంచి కౌంటీ దాటి ఏ జిల్లాకైనా వెళ్ళొచ్చని ప్రకటించారు. దారిలో పోలీసులు ఆపరు. ఏజెంటు మళ్ళీ మెయిల్ పెట్టాడు, ఉంటారా లేదా.

మే 4, మంగళవారం

నేనే చేశాను. ఎత్తింది. ఏం మాట్లాడాలో ముందే అనుకున్నవన్నీ మర్చిపోయాను.

"నిన్న చెప్పేశానండీ" అంది. "పర్మనెంట్‌కి సరేనన్నాను."

ఎక్కడలేని కోపం వచ్చింది. "నాతో ఒక్క మాట అనాలనిపించలేదా?"

"ఫిబ్రవరి నుంచీ అంటూనే ఉన్నాను."

"సినిమా చూడమంటే ఎవరికైనా అర్థమవుతుందా ప్రభా? నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"ఎన్నేళ్ళు చెప్పాను! ఇంట్లో కూర్చుని పిచ్చెక్కుతోందండీ అంటే వాకింగ్‌కి వెళ్ళమన్నారు. నా చదువు మర్చిపోతున్నానండీ అంటే యూట్యూబ్ చూడమన్నారు. నా మాటకి మీ దగ్గర ఎప్పుడూ జవాబు రెడీగా ఉంటుంది. సినిమాకైతే జవాబు చెప్పలేరు, కూర్చుని చూస్తారనుకున్నాను."

కోపం ఎటు పోయిందో పోయింది. "చూశాను" అన్నాను. "ఈసారి నిజంగా చూశాను."

"తెలుసు. దాటాడా లేదా అని నోరీన్‌ని అడిగారటగా." గొంతులో కొంచెం నవ్వు. చాలా కొంచెం.

ఆ నవ్వు చాలింది నాకు, రెచ్చిపోయాను. "విను. మా ఆఫీసు ఎక్కడి నుంచైనా చేసుకోమంది. లీజు వదిలేస్తాను. పదో తారీఖు దారి తెరుస్తారు. వ్యాను మాట్లాడుకుని సామానంతా వేసుకుని నీ దగ్గరకి వచ్చేస్తాను. అయిపోయింది, ఇక గొడవే లేదు."

ఏడుస్తుందనుకున్నాను, సంతోషంతో.

"వచ్చేస్తాను అంటున్నారు" అంది మెల్లగా. "రానా అని అడగలేదు."

రెండిటికీ తేడా ఏమిటని నోటిదాకా వచ్చింది. మింగేశాను. పదేళ్ళలో ఇంటి గురించి, ఊరి గురించి, ఆఖరికి టీవీ గురించైనా, చేస్తున్నాం అని చెప్పానే తప్ప చేద్దామా అని అడిగిన గుర్తు ఒక్కటీ దొరకలేదు.

"రానా?" అన్నాను.

అన్నాక భయమేసింది. నిజంగా భయమేసింది. వద్దంటుందేమోనని. ఆ మాటకి వద్దు అనే జవాబు కూడా ఉంటుందని అడిగాకే తెలిసింది.

"ఎందుకు?" అంది.

"ఒక్కణ్ణీ బాగాలేదు ప్రభా. ఈ ఇంట్లో నాకు చిరాకు తప్ప ఇంకేమీ పుట్టడం లేదు. నువ్వు కావాలి. వంట కోసం కాదు." ఇంకా ఏదేదో అన్నాను.

పెట్టేసిందేమోనని ఫోన్ చూసుకున్నాను. పెట్టలేదు.

"రండి" అంది చివరికి. "సామానంతా వద్దు. ఒక సూట్‌కేసు చాలు. లీజు మాత్రం వదలకండి."

"రెండు ఇళ్ళెందుకు మనకి?"

"కొన్నాళ్ళు చూద్దాం. నచ్చకపోతే వెనక్కి వెళ్ళడానికి మీకో చోటుండాలిగా."

"నాకెందుకు నచ్చదు? ఎలా ఉన్నా సర్దుకుంటాను."

"మీకు కాదండీ" అంది. "నాకు."

మే 9, ఆదివారం

లీజు మీద సంతకం పెట్టి ఏజెంటుకి పంపాను. రేపు పొద్దున్నే బయల్దేరతాను. ఒక సూట్‌కేసే.